తుప్పు మచ్చల చీరతో కోటబొమ్మాళికి

మా అక్కకు బొబ్బిలిలోని ఒక బాలికల పాఠశాలలో ఉద్యోగం వచ్చింది. సోమవారం ఉదయం చేరాలి. మొదటి రోజున కట్టుకొమ్మని అమ్మ తన పెట్టె అడుగునుంచి పొందూరు ఖద్దరు చీర ఒకటి తీసి ఇచ్చింది. పాలమీగడలాంటి తెలుపు, సన్నని నూలు. అమ్మ దాన్ని పదేళ్ళలో నాలుగుసార్లకు మించి కట్టి ఉండదు. మడత విప్పి చూస్తే కొంగు మీద ఏడు తుప్పు మచ్చలున్నాయి. ఇనప పెట్టె అడుగున చెమ్మ చేరి, మడతలో పైకి వచ్చిన చోటల్లా గుర్తు పెట్టింది. నిమ్మకాయ, ఉప్పు, ఎండ అన్నీ ప్రయోగించాం. మచ్చలు రవ్వంత పలచబడ్డాయి గాని పోలేదు.

ఈ ప్రయాణానికి ఆ మచ్చలు ఒక కారణమైతే, నా ఉపన్యాసం రెండో కారణం. కిందటి చలికాలంలో మా కళాశాల వక్తృత్వ పోటీలో, చేతిపనులు వంశపారంపర్యంగానే అబ్బుతాయన్న వాదాన్ని నేను ఖండించాను. తర్కజ్ఞానమూ మంచి పుస్తకమూ ఉంటే ఎవరైనా ఏ పనినైనా నేర్చుకోవచ్చునని ప్రతిపాదించి, కప్పు గెలుచుకున్నాను. మచ్చలు బయటపడ్డ రోజు సాయంత్రం అక్క ఆ కప్పు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఒరే, దీన్ని అలమారలో పెట్టుకొని మురిసిపోతే సరిపోదు. నా కొంగు బాగుచెయ్యి, సూద్దాం."

ఒక మాసపత్రికలో రెండు వాక్యాలు చదివినట్టు నాకు గుర్తు: గుడ్డ మీద పిండి ముద్దతో గీతలు గీసి, ఆరనిచ్చి, పైన రంగు వేసి కడిగితే గీతల కింద గుడ్డ తెల్లగానే మిగులుతుందట. ఏ పిండో, పచ్చిదో ఉడికినదో ఆ రెండు వాక్యాల్లో లేదు. తర్కం నాకు ఉంది కదా అనుకున్నాను. మా వైపు ఇళ్ళలో పిండి అంటే బియ్యప్పిండి. గుడ్డకు పట్టించేది ఏదైనా గంజిలా ఉడకవలసిందే. కనుక బియ్యప్పిండిని ఉడికించి, నాన్నగారి పాత పంచె ముక్క మీద గీతలు గీశాను. రంగునీళ్ళు తగలగానే అది కరిగి, మొత్తం ఒకే మరకగా మిగిలింది. రెండోసారి పచ్చి బియ్యప్పిండిని చిక్కగా కలిపి గీశాను. చక్కగా ఆరింది. గుడ్డ ఎత్తగానే పువ్వులన్నీ పెచ్చులుగా ఊడి నేలమీద పడ్డాయి.

"గుమ్మంలో పెట్టాల్సిన ముగ్గు నా కొంగు మీద పెడతావేట్రా?" అంది అక్క.

కోటబొమ్మాళి వైపునుంచి వచ్చిన సహాధ్యాయి ఒకడు అప్పుడు చెప్పాడు. వాళ్ళ ఊరి చర్చిలో, ప్రసంగ వేదిక వెనుక ఒక నల్లని తెర ఉందట. దానిమీద తీగలన్నీ పిండితో వేసినవేనట. వేసినది సువార్తమ్మగారు, మిషన్ పాఠశాలలో కుట్టుపని నేర్పి ఉద్యోగం విరమించిన టీచరు. ఆమెకు కార్డు రాశాను. మూడు వాక్యాల జవాబు వచ్చింది: "శనివారం రండి. ఆదివారం నేను పని చేయను. పిండి తేవద్దు."

ఒట్టి చేతులతో ఎలా వెళ్తామని అక్క రేషనులో వచ్చిన మైదా ఒక కిలో సంచిలో పోసింది.

శనివారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు విజయనగరంలో బయలుదేరవలసిన పాసింజరు ఆరున్నరకు గాని కదలలేదు. మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఇంజను బొగ్గునలుసులు లోపలికి వస్తూంటే అక్క చీర మూటను పైటచెంగు కింద దాచుకుంది. చీపురుపల్లిలో ఒకామె తాటి ముంజల గంపతో ఎక్కి మా ఎదుట చతికిలబడింది. కొంతసేపు మా సంచివైపే చూసింది.

"ఏటమ్మా, మీ సంచిలోంచి పిండి కారతన్నాది. ఎక్కడికి అట్టుకెళ్తన్నారు?"

అక్క దాపరికం లేకుండా అంతా చెప్పింది. ఆమె చెయ్యి బుగ్గన పెట్టుకుంది.

"ఓలమ్మ! గుడ్డకి పిండా? మా ఇంటికాడ సంకట్లోకి గుప్పెడు పిండి సాలక పిల్లలు తగువులాడతన్నారు. మీరు పిండి అట్టుకెళ్ళి కోకకి తినిపిస్తారేటి?"

కోపంగా అనలేదు, నవ్వుతూనే అంది. పొందూరు స్టేషను వచ్చినప్పుడు, మా చీర పుట్టిన ఊరు ఇదేనని అక్క చూపిస్తే, "అయితే పుట్టింట్లో దింపీ, మంచి కోక ఇమ్మను" అని గలగలా నవ్వింది కూడాను. పావలాకు ఆరు ముంజలిచ్చి ఆమదాలవలసలో దిగిపోయింది. ఆమె నవ్వింది గాని నేను నవ్వలేకపోయాను. రెండేళ్ళుగా బియ్యం దొరకడమే కష్టంగా ఉన్న కాలంలో తినే వస్తువును అలంకారానికి వాడటం న్యాయమా అన్న ప్రశ్న నాకు నేనుగా ఎందుకు వేసుకోలేదు? ప్రతిపక్షం వారి ప్రశ్నకు వేదిక మీద క్షణంలో జవాబు చెప్పేవాణ్ణి. ఆమెకు మాత్రం, ఆమె దిగిన తరువాత కూడా నా దగ్గర జవాబు లేదు.

తొమ్మిదీ ముప్పావుకు కోటబొమ్మాళిలో దిగాం. స్టేషను బయట పాకలో ఇడ్లీ, టీ తీసుకున్నాం. ఇడ్లీ వేడిగా ఉంది, పచ్చడి ఘాటుగా ఉంది. అక్కడినుంచి ఊరికి రెండు మైళ్ళు. బండి కోసం ఆగకుండా నడిచాం. తొలకరి ఒక జల్లు పడి ఊరుకుంది. ఆకుమళ్ళు దున్ని సిద్ధంగా ఉన్నాయి. ఎండ మాత్రం ఇంకా వేసవి ఎండే. మా పనికి కావలసింది అదేనని అప్పటికి నాకు తెలియదు.

సువార్తమ్మగారిది రెండు గదుల పెంకుటిల్లు, ముందు వసారా. పొట్టిగా, తెల్లచీరలో, దారం కట్టిన కళ్ళజోడుతో ఆమె గడపలోనే నిలబడి ఉన్నారు. నమస్కారం అందుకోకముందే ఆమె చూపు సంచి మీద పడింది.

"పిండి తేవద్దని రాశాను కదా బాబూ. బీయేలో చదవడం నేర్పరేటి?"

రైల్లో ఎదురైన ప్రశ్నను నేను ఆమెకు అక్కడే నివేదించాను. ఇది ఆహారాన్ని వృథా చేయడం కాదా అని సూటిగా అడిగాను. ఆమె లోపలికి వెళ్ళి రేకు డబ్బా ఒకటి తెచ్చి మూత తీశారు.

"ముక్కు పెట్టు."

పెట్టి వెంటనే తీసేశాను. బూడిదరంగు పిండి, గడ్డలు, పురుగులు, ముక్కిన వాసన.

"గోదాములో వానకి తడిసిపోయిన బస్తాల్లోది. గోధుమ పిండే, కాని కోళ్ళు కూడా ముట్టుకోవు. గుడ్డకి ఇది. మీరు తెచ్చింది మనకి." సంచి అందుకొని వంటింటివైపు నడుస్తూ ఆగి, అక్కను అడిగారు: "మా ఇంట్లో తింటారా అమ్మా?"

"ఇడ్లీలు ఎప్పుడో అరిగిపోయాయి టీచరుగారూ. తొందరగా పెట్టండి," అంది అక్క.

ఆమె మొదటిసారి నవ్వారు. మా మైదా పూరీలుగా పొంగి, వంకాయ కూరతో మా ముందుకు వచ్చింది. తినదగిన పిండిని గుడ్డకు ముట్టించకపోవడం ఆ ఇంటి నియమమని ఆ భోజనంతోనే నాకు బోధపడింది. నాలుగు పూరీలు తిన్నాను.

పదకొండున్నరకు పని మొదలైంది. కరక్కాయల పొడి కలిపిన నీళ్ళలో ఆమె కొంగును ముంచి, పిసికి, నీళ్ళు పిండేసి, దండెం మీద ఆరవేశారు. తెల్లని గుడ్డ లేత గోధుమరంగుకు తిరిగింది. మేము చూస్తూండగానే ఏడు తుప్పు మచ్చలూ ఒక్కొక్కటిగా నల్లబడసాగాయి.

"ఓలమ్మో! చీర పోయిందిరా!" అంది అక్క. ఆమె చెయ్యి నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

సువార్తమ్మగారు తొణకలేదు. పెరటిగోడ పక్కనున్న మట్టికుండ మూత తీసి చూపించారు. పాత మేకులు, విరిగిన గుర్రపు నాడా, బెల్లం, నీళ్ళు వేసి మూడు వారాలు నానబెట్టినది. పులిసిన కల్లులా వాసన కొట్టింది.

"కిందటేడు ఒక పెద్దమనిషి ఇది కల్లే అనుకొని సంఘంలో నా మీద ఫిర్యాదు చేశాడు. లోటాతో పోసి తాగమన్నాను," అన్నారు. "ఇది ఇనప నీరు. తుప్పు తమ్ముడే. కరక్కాయ తగిలితే రెండూ నల్లబడతాయి. మీ పెట్టె ముందే మొదలెట్టింది, మనం మిగతాది పూర్తి చేద్దాం. కొంగంతా నలుపైతే మచ్చ ఎక్కడుంటాది?"

అక్క చెయ్యి నా భుజం మీదనుంచి సడలింది.

నియమం ఒక్కటే. పిండి గీత కింద నలుపు దిగదు. కాబట్టి మచ్చ మీదుగా గీత పోతే, ఆ మచ్చ అక్కడ అలాగే మిగిలిపోతుంది. గీతలన్నీ మచ్చలను తప్పించుకొని నడవాలి. ఆమె ముక్కిన పిండిని జల్లెడ పట్టి, చిటికెడు పటిక పొడితో, చన్నీళ్ళతో జారుగా కలిపారు. ఉడికించలేదు. ఆరో తరగతి పాత పరీక్ష కాగితాన్ని కిరాణా కొట్టు పొట్లంలా చుట్టి, ఆముదం రాసి, పిండి నింపి, కొన కత్తిరించారు. గుడ్డను చాపమీద పరచి గీయసాగారు. తీగ ఒక మచ్చ దగ్గరకు వచ్చి వంగేది, మరో మచ్చ దగ్గర రెండుగా చీలేది. ఏడు మచ్చలు లేకపోతే ఆ తీగకు ఆ వంపులు వచ్చేవి కావు. కాగితం మీద ఎవరో పిల్ల లెక్క తప్పు చేసిన ఎర్రసిరా గుర్తు ఆమె వేళ్ళ మధ్య కనిపిస్తూ ఉంది.

చివరి మూలలో ఒక పువ్వు మిగిలింది. పొట్లం నా చేతికిచ్చారు.

"కప్పు గెలిచావంట కదా. ఒక పువ్వు పెట్టు."

నాలుగు రేకులు బాగానే వచ్చాయి. అయిదో రేకు దగ్గర గట్టిగా నొక్కాను. కొన చిరిగి, పిండి బొద్దుగా దిగి, ఏడో మచ్చ మీద కూర్చుంది. తుడవబోతే ఆమె నా మణికట్టు పట్టుకున్నారు.

"తుడిస్తే నూలులోకి పోతాది. పడింది పడనీ."

"నా తమ్ముడండీ. చేసిన తప్పు మీద ఇంకో ఉపన్యాసం ఇవ్వకుండా ఉండలేడు," అంది అక్క. కాని ఆ మాటలో పూర్తి నవ్వు లేదు. సోమవారం కట్టుకోవలసిన మనిషి ఆమె.

మధ్యాహ్నమంతా ఎండబెట్టాం. ఆరుతున్నకొద్దీ గుడ్డ ముడుచుకుపోయింది. భయపడ్డాను. అది పిండి గుడ్డను పట్టుకోవడమేనని ఆమె చెప్పారు. బియ్యప్పిండి గుడ్డ మీద ఊరికే కూర్చుంటుంది. గోధుమపిండిలో జిగురు ఉంది కనుక నూలును కరచి పట్టుకుంటుంది. సినిమా గోడపత్రికలు అంటించేవాడు మైదాను ఎందుకు వాడతాడో నేను ఏనాడూ ఆలోచించలేదు. బియ్యం తినేవాళ్ళం మేము. పిండి అనగానే మా చెయ్యి ఒక డబ్బామీదికే పోతుంది.

సాయంత్రం అయిదుకు ఆమె గీతలను గోటితో నొక్కి చూశారు. లోపల ఇంకా పచ్చిగా ఉంది. రేపు పొద్దున్న రెండు గంటల ఎండ కావాలి. ఆ తరువాతే ఇనప నీరు. అంటే ఆదివారం.

"ఆదివారం నేను ముట్టుకోను. కార్డులో రాశాను," అన్నారు. "కుండా, కుంచే ఇక్కడ పెట్టి పోతాను. మీరు చెయ్యండి."

"టీచరుగారూ, అది మీకు తప్పయితే మాకు ఎలా ఒప్పవుతుంది?" అని అడిగాను. నాకు నిజంగానే సందేహం కలిగింది.

"మంచి ప్రశ్న. పాస్టరుగారిని అడిగి రా. ఈలోగా ఎండ పోతాది."

ఆ రాత్రి అక్క లోపలి గదిలో, నేను వసారాలో మడతమంచం మీద పడుకున్నాం. గాలి బాగా వచ్చింది.

ఆదివారం ఏడింటికి కొంగును తిరిగి ఎండలో పరిచాం. ఎనిమిదిన్నరకు గంట మోగింది. సువార్తమ్మగారు ఇస్త్రీ చీర కట్టుకొని, బైబిలు పట్టుకొని బయలుదేరుతూ గుమ్మంలో ఆగారు. "తుడిచినట్టు రాయకు, తట్టినట్టు రాయి. గీతని రుద్దావంటే లేచిపోతాది," అని చెప్పి వెళ్ళిపోయారు.

తొమ్మిదింటికి పిండి ఎముకలా గట్టిపడింది. ఈత పుల్ల కొన నలిపి చేసిన కుంచెను ఇనప నీటిలో ముంచి గుడ్డకు తాకించాను. ఏమీ కాలేదు, తడిసిన మురికిలా కనబడింది. అక్క నావైపు చూసింది. నేను గుడ్డవైపు చూశాను. పది లెక్కపెట్టేలోగా ఆ మురికి బూడిదరంగై, బూడిదరంగు నలుపై లోతుగా దిగింది. ఉత్సాహంతో చెయ్యి వేగంగా ఆడించాను. ఒక ఆకు అంచు కొద్దిగా లేచింది.

"ఇలా తే," అని అక్క కుంచె లాక్కుంది. "నీకు ముగింపుకి తొందర. కూర్చో."

ఆమె తట్టింది. బోర్డుమీద సుద్దముక్కతో చిన్న పిల్లలకు అక్షరం దిద్దించినంత ఓపికగా, అంగుళం అంగుళం తట్టింది. చర్చిలోంచి కీర్తన వినిపిస్తూ ఉంది. నేను కుండ పట్టుకొని కూర్చున్నాను. చేతిపనిలో చెయ్యే ముఖ్యం కాదని కప్పు గెలిచినవాడు కుండ మోయడం సబబుగానే ఉందని నాకు తోచింది.

పదకొండుకు సువార్తమ్మగారు తిరిగి వచ్చి, వసారాలో కుర్చీ వేసుకొని, చేతులు రెండూ ఒడిలో పెట్టుకొని కూర్చున్నారు. అక్కడినుంచి ఆజ్ఞలు మొదలయ్యాయి. "ఆ మూల ఇంకోసారి. అదుగో, తీగ కింద. నీడలోకి లాగొద్దు."

"నోటితో పని చేయించడం పని కాదా అండీ?" అన్నాను.

"పాస్టరుగారు పొద్దుటినుంచి చేసిందేటి మరి?"

అక్క నవ్వి కుంచె జార్చబోయి పట్టుకుంది.

పన్నెండున్నరకు బావి దగ్గర కొంగును బక్కెట్లో నానబెట్టాం. నీళ్ళు నల్లబడ్డాయి. మూడో బక్కెట్టులో పిండి మెత్తబడి, బొటనవేలికి పొరలుగా రాసాగింది. మొదట ఒక ఆకు బయటపడింది, తరువాత తీగ. నల్లని గుడ్డలోంచి లేత గోధుమరంగు గీతలు మెల్లగా తేలాయి. పిండి ఎండి బీటలు వారిన చోట్ల నలుపు దారంలా సన్నగా దిగి, ఆకులకు ఈనెలు పెట్టినట్టుంది. అది మేము వేసినది కాదు. ఆరు మచ్చలు ఎక్కడున్నాయో వెతికాను, దొరకలేదు. ఏడోది నా పువ్వు అయిదో రేకు మధ్యన, మిరియపు గింజంత, నల్లగా అలాగే ఉంది.

అక్క తడి కొంగును భుజాన వేసుకొని లోపల అద్దం దగ్గరకు వెళ్ళింది. నేను బావి గట్టున నిలబడి, సోమవారం ఆమె కట్టుకోవడానికి ఇంకేమేమి చీరలు ఉన్నాయో మనసులో లెక్కించుకుంటున్నాను. అక్క తిరిగి వచ్చి సువార్తమ్మగారి కాళ్ళకు దండం పెట్టింది. తరువాత నాతో, "ఆ సుక్క ఉండనీ. ఎవరైనా అడిగితే తమ్ముడు పెట్టాడంటాను," అంది.

బయలుదేరేముందు సువార్తమ్మగారిని అడిగాను: ఈ విద్య ఎవరు నేర్పారని.

"ఎవరూ నేర్పలేదు. బస్తా పిండి పాడైంది, పారెయ్యబుద్ధి కాలేదు. నాలుగు దిండు గలేబులు తగలేశాను. అయిదోది బాగొచ్చింది," అన్నారు. ఆదివారం గనుక తాను ముట్టుకోకుండా, అటకమీద పొట్లం ఒకటి ఉందని, దాన్ని తీసుకోమని అక్కకు చూపించారు. అందులోనూ ఆ ముక్కిన పిండే. "మచ్చ పెట్టిన పెట్టె అలాగే ఉంది కదమ్మా. లోపల కాగితాలు అంటించు. లేదంటే ఇంకో ఏడొస్తాయి."

మూడు గంటల ఇరవై నిమిషాల పాసింజరు నాలుగింటికి వచ్చింది. ఆదివారం కావడంతో చోటు బాగానే దొరికింది. అక్క తడి ఆరని కొంగును ఒడిలో పరచుకొని కిటికీ గాలికి పెట్టింది. ఈసారి బొగ్గునలుసులకు భయపడలేదు; నలుపు మీద నలుపు కనబడదు. తిలారు దాటాక నా వాదాన్ని మనసులో మళ్ళీ పరిశీలించుకున్నాను. చేతిపని ఏ వంశానికీ సొత్తు కాదన్న భాగం నిలిచింది. సువార్తమ్మగారే దానికి సాక్షి. పుస్తకం చాలునన్న భాగం బియ్యప్పిండితోపాటు ఊడిపోయింది. వచ్చే పోటీలో ఈ రెండో మాట కూడా చెప్పాలి. కప్పు రాకపోవచ్చు. మా దారిన వెళ్ళదలచినవారికి ఒక్క మనవి: శనివారం కాకుండా శుక్రవారమే బయలుదేరండి, మంచి పిండి తీసుకువెళ్తే భోజనానికని ముందే చెప్పండి.

"ఏటి ఆలోచిస్తున్నావు?" అంది అక్క.

"రైల్లో ముంజలామెకు ఏం జవాబు చెప్పాలా అని."

"పూరీలు తిన్నామని సెప్పు."

విజయనగరం చేరేసరికి ఏడు గంటలు. ఇంటికి రాగానే అక్క పెట్టెను వాకిట్లోకి లాగి, అడుగునున్న తుప్పును ఇసుక కాగితంతో గీకడం మొదలుపెట్టింది. నేను పొట్లం విప్పాను. పచ్చిగానే కలపబోతూంటే ఆమె తల ఎత్తకుండానే అంది:

"ఒరే, కాగితానికి ఉడకాలి. ఈసారి నీ పద్ధతే."

పొయ్యి ముట్టించి, గిన్నె పెట్టి, గంజిలా ఉడికించాను. ఉండ కట్టకుండా చక్కగా వచ్చింది.